వంద గ్రాముల ఫోము, అయిదు బియ్యం బస్తాలు

సోమవారం ఆఫీసులో ఎవరైనా "వీకెండ్ ఏం చేశావ్?" అని అడిగితే ఈ మధ్య నా దగ్గరున్న సమాధానం ఒక్కటే: "ఫోము అరగదీశాను." దేనికీ అంటే, విమానం రెక్కకి. ఆ తర్వాతి ప్రశ్న మాత్రం మనిషిని బట్టి మారుతుంది. అమెరికన్ కొలీగులు "ఏం విమానం?" అంటారు. మనవాళ్ళు "ఎంతవుతుందేంటి?" అంటారు :). మా అమ్మ ఫోన్లో "నువ్వయితే ఎక్కవు కదా?" అంది.

ఎక్కను. అది నా విమానం కాదు, ఒక్కరే కూర్చునే విమానం కూడాను. గుంటూరు నుంచి ఎప్పుడో వచ్చి డాలస్ దగ్గర స్థిరపడి, మెషీన్ షాపులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయనది. ఇక్కడి తెలుగువాళ్ళం అందరం ఆయన్ని అంకుల్ అనే అంటాం. ఆయన గరాజులో ఏడాదిన్నరగా కారు పట్టడం లేదు. నేను శనివారాలు వెళ్ళి రెండో చెయ్యి వేస్తుంటాను. ఈ పనిలో రెండో చెయ్యి ఎందుకు కావాలో కింద చెప్తాను.

ముందు రిబ్బు అంటే ఏంటో. విమానం రెక్కని అడ్డంగా కోస్తే కనిపించే ఆకారం ఉంటుంది చూడండి, ముందు గుండ్రంగా, పైన ఉబ్బుగా, వెనక్కి పోయేకొద్దీ సన్నగా. ఆ ఆకారంలో ఉండే పలక రిబ్బు. రెక్క పొడవునా ఇలాంటివి వరసగా నిలబడి ఉంటాయి. వాటన్నిటి గుండా పోయే దూలం స్పార్. పైన గుడ్డ కప్పుతారు. బరువు మోసేది ప్రధానంగా దూలమే. రిబ్బు పని గుడ్డ మీద గాలి వేసే బలాన్ని దూలానికి చేరవెయ్యడం, ఆకారం చెడకుండా చూడడం.

పాత పద్ధతిలో ఒక్కో రిబ్బుకీ సన్నటి చెక్క పుల్లలు కోసి, అచ్చులో పేర్చి, ప్రతి కీలు దగ్గరా చిన్న ప్లైవుడ్ ముక్క అతికిస్తారు. సాయంత్రానికి ఒక రిబ్బు తయారైతే గొప్ప. దాని బదులు ఫోము పలకని ఆకారంలో కోసి, పైనా కిందా సన్నటి స్ప్రూస్ చెక్క పట్టీ అతికిస్తే అదే పని అవుతుంది. పట్టీలు లాగుడునీ నొక్కుడునీ తీసుకుంటాయి, మధ్యలో ఫోము వాటిని ఎడంగా పట్టుకుని ఉంటుంది. మన ఐ-బీమ్ సూత్రమే. స్టీవ్ వుడ్ అనే ఆయన 1980ల్లో డిజైన్ చేసిన స్కై పప్ ఈ తరహాదే. అంకుల్ విమానం కూడా ఆ జాతిది. ఫ్రాన్సులో మిషెల్ కొలొంబాన్ ఇంకో దారి పట్టాడు: ఫోము రిబ్బుల మీద పల్చటి అల్యూమినియం రేకు అతికించాడు. 1973లో ఎగిరిన ఆ క్రి-క్రి రెండు ఇంజన్లతో కలిపి 80 కిలోల లోపే ఉంటుంది. చాలామంది మనుషులు అంతకంటే బరువుంటారు! ఇక బర్ట్ రుటాన్ (2004లో స్పేస్‌షిప్‌వన్ పంపినాయనే) 1975లో వేరీ-ఈజీ విమానానికి రిబ్బుల గొడవే లేకుండా రెక్క మొత్తం ఫోముతో కోసేసి, పైన గాజు గుడ్డా ఎపాక్సీ వేశాడు. ఫోముని వేడి తీగతో కొయ్యడం ఇళ్ళలో విమానాలు కట్టుకునేవాళ్ళకి బాగా అలవాటైంది ఆయన వల్లే.

ఫోము అనగానే మనకి థర్మోకోల్ గుర్తొస్తుంది. స్కూలు ప్రాజెక్టులకీ, పెళ్ళి స్టేజీ మీద పేర్లకీ వాడేది. అది పూసలు పూసలుగా రాలుతుంది. ఇది అదే పాలిస్టైరీనే గానీ పూసలుండవు, నున్నగా గట్టిగా ఉంటుంది, ఇళ్ళ గోడల్లో వేడి ఆపడానికి పెడతారు. ఇక్కడ హార్డ్‌వేర్ షాపులో అంగుళం మందం షీట్లు దొరుకుతాయి. ఘనపు మీటరు 30 కిలోలు అటూ ఇటూ. మా రెక్క వెడల్పు 130 సెంటీమీటర్లు. లెక్కేస్తే ఒక రిబ్బుకి పట్టే ఫోము వంద గ్రాములు. చెక్క పట్టీలూ జిగురూ కలిపితే రెండొందలు. అలాంటివి 26.

ఆకారానికి అంకెల్లో పేరుంటుంది. 1930ల్లో అమెరికా ప్రభుత్వ సంస్థ నాకా (నాసాకి ముందుది) పెట్టిన పద్ధతి. 4412 అంటే వంపు వెడల్పులో 4 శాతం, ఆ వంపు ఎక్కువగా ఉండేది ముందు నుంచి 40 శాతం దగ్గర, మందం 12 శాతం. పేరే ఫార్ములా! ఆకారంలో ఏ చోటికైనా కొలత నాలుగు లైన్ల కోడ్‌తో వచ్చేస్తుంది. ఈ మొత్తం వ్యవహారంలో నా ఉద్యోగం అక్కరకొచ్చిన ఘట్టం ఇదొక్కటే. ప్రింట్ తీసేటప్పుడు మాత్రం ఆకారం పక్కనే పది సెంటీమీటర్ల చదరం గీసి, కాగితం బయటికి రాగానే స్కేలు పెట్టి కొలుస్తాం. ప్రింటర్లకి పేజీలో పట్టేలా కుదించే రోగం ఉంది కదా, రెండు శాతం కుదించినా కంటికి తెలీదు.

ఆ కాగితాన్ని ప్లైవుడ్‌కి అంటించి, కోసి, అంచు నున్నగా చేస్తే టెంప్లేటు. అలాంటివి రెండు. మధ్యలో పది ఫోము షీట్లు పేర్చి, రెండు పక్కలా టెంప్లేట్లు మేకులతో బిగిస్తాం. రిబ్బు తయారీలో నాకు అన్నిటికంటే నచ్చేది ఇక్కడ మొదలవుతుంది.

తీగని విల్లులా బిగించి కరెంటిస్తే వేడెక్కుతుంది. విల్లుకి ఆ చివర అంకుల్, ఈ చివర నేను. తీగ రెండు టెంప్లేట్ల అంచుల మీదా ఒకేసారి జారాలి. నేను పైన ఉబ్బు దగ్గరుండి ఆయన ఇంకా ముక్కు దగ్గరే ఉంటే తీగ ఏటవాలుగా పోతుంది, పది రిబ్బులూ పది ఆకారాలవుతాయి. అందుకని టెంప్లేట్ల మీద ఒకే చోట్ల 1 నుంచి 40 దాకా గీతలు పెట్టుకుంటాం. ఒకరు పైకి లెక్క పెట్టాలి, ఇద్దరూ ఆ అంకె దగ్గర ఉండాలి. రుటాన్ ప్లాన్లతో విమానాలు కట్టినవాళ్ళందరూ ఇలాగే చేశారు. మా గరాజులో లెక్క తెలుగులో సాగుతుంది. "పదకొండూ... సగం... పన్నెండూ... ఆగు, ఆగు... సగం..." అని అంకుల్ సాగదీసి చదువుతుంటే ఎక్కాలు చెప్పించుకుంటున్నట్టే ఉంటుంది. ఆయనకి ఇంగ్లీషులో లెక్కపెట్టడం రాక కాదు. "చేత్తో పని చేసేటప్పుడు నోట్లో తెలుగే వస్తుందయ్యా" అంటాడు.

తీగ వేడి ఎక్కువైతే తగలకముందే ఫోము కరిగి వెనక్కి జరుగుతుంది, రిబ్బు సన్నబడుతుంది. వేడి తక్కువై మనం తొందరపడితే, చివరలు ముందుకొచ్చినా తీగ నడుము వెనకబడి వంగుతుంది. ముక్కు దగ్గర గుండ్రం తిరిగేచోట ఈ వెనకబాటు బాగా దెబ్బ కొడుతుంది, అక్కడ నిదానంగా తిప్పాలి. సన్నటి దారపు పోగుల్లాంటివి తీగ వెనక సాగుతుంటే వేడి సరిపోయినట్టు. గరాజు తలుపు పూర్తిగా తెరిచి పెడతాం, ఆ పొగ మంచిది కాదు. ఇంకో సంగతి: ఇదంతా పాలిస్టైరీన్‌కే. పాలీయూరిథేన్ ఫోముని వేడి తీగతో ఎప్పుడూ కొయ్యకూడదు, దాన్నుంచి వచ్చేది విషం. దాన్ని కత్తితో చెక్కుకోవాల్సిందే.

కోశాక అరగదీత. పది పలకల్నీ అలాగే టెంప్లేట్ల మధ్య ఉంచి, ఈ టెంప్లేటు నుంచి ఆ టెంప్లేటు దాకా ఆనేంత పొడుగు చెక్కకి శాండ్ పేపరు అంటించి రుద్దుతాం. ప్లైవుడ్ అరగదు, ఫోము అరుగుతుంది. చెక్క రెండువైపులా ప్లైవుడ్‌కి ఆనగానే ఆకారం వచ్చేసినట్టే. చిన్న చెక్కతో చెయ్యకూడదు. జిగురు పడ్డచోట ఫోము కంటే గట్టిగా ఉంటుంది, రుద్దేకొద్దీ జిగురు నిలబడి దాని పక్కన గుంట పడుతుంది. నాకు ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం వర్క్‌షాపు గుర్తొచ్చింది. ఇనప ముక్కని ఆకురాయితో మూడు గంటలు రాకి వి-గాడి చేసేవాళ్ళం కదా. దీన్నెందుకు పెట్టార్రా బాబూ అని అప్పుడు అందరం తిట్టుకున్నాం. నాలుగేళ్ళ చదువులో ఇప్పుడు చేతికి గుర్తున్నది అదే.

"సీఎన్‌సీ వాడికిస్తే గంటలో కోసిస్తాడుగా" అని ఆఫీసులో ఫ్రెండ్ అడిగాడు. ఇస్తాడు. తప్పేం లేదు, చాలామంది అలాగే చేయించుకుంటారు. కానీ కోత ఈ పనిలో పదో వంతు. స్పార్ పట్టే గాడి కుదరాలి, పట్టీలు అతకాలి, ఫోము మీద ఏది పడకూడదో తెలియాలి. గుడ్డ అతికించే జిగుర్లలో ఉండే ద్రావకాలు పాలిస్టైరీన్‌ని కరిగించేస్తాయి. పెట్రోలు చుక్క కూడా అంతే. ఎపాక్సీ ఏమీ చెయ్యదు. అందుకని రిబ్బు మొత్తానికీ ముందు పల్చగా ఎపాక్సీ పూత. పైన కప్పే పాలియెస్టర్ గుడ్డని ఇస్త్రీపెట్టెతో వేడి చేసి బిగిస్తారు, ఫోము మాత్రం 75 డిగ్రీలు దాటితే మెత్తబడే రకం. గుడ్డ చెక్క పట్టీకే తగలాలి, ఫోముకి తగలకూడదు. ఇలాంటివి కోసిచ్చినవాడు చెప్పడు, వాడిని అడిగే పని కూడా కాదు.

ఇంతకీ నేను ఇదంతా రాయడానికి కారణం ఫోము కాదు, ఆంటీ.

ఒక శనివారం అంకుల్ జిగురు తేవడానికి వెళ్ళినప్పుడు ఆవిడ కాఫీ తెచ్చి, బల్ల మీదున్న రిబ్బుని రెండు వేళ్ళతో పైకెత్తి చూసింది. అప్పడంలా లేచింది. "బాబూ, నువ్వు ఇంజనీరింగ్ చదివావుగా. ఈయన్ని అడిగితే నవ్వేసి ఊరుకుంటారు, నువ్వు నిజం చెప్పు. ఇది ఆయన్ని మోస్తుందా?" అని అడిగింది.

"మోస్తుందాంటీ" అనేసి ఊరుకోవచ్చు. కానీ అది ఆవిడ అడిగిన ప్రశ్నకి సమాధానం కాదు. అది నా నమ్మకం. ప్లాన్ల మీద నమ్మకం, అంకుల్ చేతి మీద నమ్మకం, పుస్తకాల మీద నమ్మకం.

దీని వెనక ఇంకో విషయం ఉంది. అమెరికాలో ఇంట్లో కట్టుకునే మామూలు విమానమైతే, సగానికి పైగా పని మీరే చదువు కోసమో సరదా కోసమో చేశారని చూపించాలి, ఎగిరే ముందు తనిఖీ ఉంటుంది, ఆ తర్వాత పరీక్షగా ఇన్ని గంటలు ఎగరాలని ఉంటుంది. అంకుల్‌ది ఆ కోవలోకి రాదు. 1982 నాటి పార్ట్ 103 అనే నియమం కింద వస్తుంది. ఒక్కరే కూర్చోవాలి, ఖాళీ బరువు 254 పౌన్ల లోపు (115 కిలోలు), పెట్రోలు 5 గ్యాలన్లు, వేగం 55 నాట్లు మించకూడదు. ఇవి పాటిస్తే లైసెన్సు అక్కర్లేదు, విమానానికి సర్టిఫికెట్ అక్కర్లేదు. ఎవరూ వచ్చి చూడరు.

మన దేశంలో కథ దీనికి అటు చివర. ముంబైలో అమోల్ యాదవ్ అనే పైలట్ అపార్ట్‌మెంటు డాబా మీద విమానం కట్టాడు. 2016లో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో పెట్టాడు, రిజిస్ట్రేషన్ 2017లో వచ్చింది, ఎగరడానికి అనుమతి 2019లో. కట్టిన మనిషికి కాగితాల కోసం అన్నేళ్ళు పట్టడం అన్యాయమని నా అభిప్రాయం. అక్కడ అందరూ అడ్డం, ఇక్కడ ఎవరూ లేరు. రెండిట్లో ఇదే నయం అని చాలా కాలం తేలిగ్గా అనేసేవాణ్ణి. ఆంటీ రిబ్బు పట్టుకుని అడిగేదాకా "ఎవరూ లేరు" అంటే ఏంటో ఆలోచించలేదు. మన కోడ్‌కి రివ్యూ చేసేవాడుంటాడు, క్యూఏ టీముంటుంది, అదీ దాటితే వెనక్కి తీసుకునే బటన్ ఉంటుంది. ఈ రిబ్బుని నా తర్వాత చూసేది గాలే.

అంకుల్ వచ్చాక విషయం చెప్పాను. ఈసారి నవ్వలేదు. "అడగాల్సిందే అడిగింది. లెక్క కట్టు" అన్నాడు.

విమానం, మనిషి, పెట్రోలు అన్నీ కలిపి 180 కిలోలు. 26 రిబ్బులకి పంచితే ఒక్కోదానికి 7 కిలోల లోపు. గాలి కుదుపుల్లో, మలుపుల్లో ఈ బరువు నాలుగింతలు అవుతుందనుకుని లెక్కిస్తాం: 28. దాని మీద ఒకటిన్నర రెట్లు భద్రత: 42 కిలోలు. రెండొందల గ్రాముల వస్తువు 42 కిలోలు మొయ్యాలి. కాగితం మీద మోస్తుంది. కానీ ఆంటీకి కాగితం చూపిస్తే ఏం లాభం?

ముప్ఫై కోశాం కాబట్టి నాలుగు ఎక్కువున్నాయి. వాటిల్లోంచి కళ్ళు మూసుకుని ఒకటి తియ్యమన్నాడు అంకుల్. మంచిది ఏరుకోకూడదుగా. దాన్ని తలకిందులుగా, స్పార్ ఉండేచోట మాత్రమే ఆధారం ఇచ్చి బిగించాం. గాలి రెక్కని పైకి లాగుతుంది కాబట్టి, తిరగేస్తే బరువులు పెట్టడం తేలిక. బరువులకి ఏం చేద్దామా అని చూస్తుంటే ఆంటీయే లోపల్నుంచి పిలిచింది. సోనా మసూరి 20 పౌన్ల బస్తాలు, తొమ్మిది కిలోలు చొప్పున. అయిదు పెడితే 45. లాగుడు రెక్క ముందు భాగంలో ఎక్కువ, వెనక తక్కువ కాబట్టి బియ్యాన్ని చిన్న గుడ్డ సంచుల్లోకి మార్చి, ముందు ఎక్కువా వెనక తక్కువా వచ్చేలా సర్దాం. తూచింది ఆంటీ. వంటింటి కాటా తనే తెచ్చుకుని, నేను చెప్పిన అంకెని రెండోసారి చూసి మరీ రాసుకుంది.

మూడో బస్తా దాకా ఏమీ లేదు. నాలుగోదానికి తోక వైపు రెండు మిల్లీమీటర్లు వంగింది. అయిదో బస్తా పడ్డాక ముగ్గురం అయిదు నిమిషాలు ఊరికే నిలబడి చూశాం. నిలబడింది. బరువు తీసేస్తే వంపు కూడా పోయింది. అక్కడితో ఆపొచ్చు. "విరిగేదాకా పెట్టండి, ఎక్కడ విరుగుతుందో నాకు తెలియాలి" అంది ఆంటీ. టెస్టింగులో ఇంత సరైన మాట నేను ఏ మీటింగులోనూ వినలేదు.

ఏడో బస్తా దగ్గర విరిగింది. అంటే 63 కిలోలు. చెక్క పట్టీలు బాగానే ఉన్నాయి, స్పార్ గాడి వెనక ఫోములో ఏటవాలుగా పగులొచ్చింది. కోత బలం, మన స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ పుస్తకంలో బొమ్మ వేసినట్టే 45 డిగ్రీల్లో. గాడి అంచుల్లో మూలలు పదునుగా ఉన్న ఆ చోటే అన్నిటికంటే బలహీనం అన్నమాట. 63 కిలోలు చాలినంతే అయినా, ఆ వారం 26 రిబ్బులకీ అక్కడ పల్చటి ప్లైవుడ్ ముక్క అతికించాం. ఒక్కోటీ 6 గ్రాములు. మొత్తం మీద 156 గ్రాములు పెరిగింది. 254 పౌన్ల లెక్కలో అది కూడా రాసుకున్నాం.

బలం సంగతి అదీ. ఆకారం సంగతి వేరే, దానికి బియ్యం బస్తాలతో సమాధానం దొరకదు. రెండు రెక్కల ముక్కులూ ఒకేలా లేకపోతే వేగం బాగా తగ్గినప్పుడు ఒక రెక్క ముందుగా పట్టు వదిలేస్తుంది, విమానం ఆ పక్కకి ఒరుగుతుంది, అదీ దిగేటప్పుడు నేలకి దగ్గరగా ఉన్నప్పుడు. అందుకే మాకు తోక దగ్గర ఒక మిల్లీమీటరు తేడా ఉన్నా పర్లేదు గానీ మొదటి పది సెంటీమీటర్లలో అర మిల్లీమీటరు కూడా ఒప్పుకోం. ప్రతి రిబ్బు ముక్కునీ ఒకే గేజితో చూసి, బరువు తూచి, పెన్సిల్‌తో నంబరు, తేదీ, గ్రాములు, చివర చేసినవాళ్ళ పొడి అక్షరాలు రాస్తాం. గుడ్డ కప్పేశాక అవి మళ్ళీ ఎవరికీ కనపడవు. గిట్ బ్లేమ్ కూడా అక్కడిదాకా వెళ్ళలేదు :).

వచ్చే నెల ఎడమ రెక్క మొత్తం జోడించి, గుడ్డ వేసే ముందు తిరగేసి బరువు పెట్టాలి. ఎగరాల్సిన రెక్క కాబట్టి విరిగేదాకా పోం, నాలుగింతల దగ్గర ఆపేస్తాం. 180 కిలోలకి నాలుగింతల్లో సగం, అంటే ఒక్క రెక్క మీద 360 కిలోలు. దానికి సోనా మసూరి చాలదు, ఇసుక తెప్పిస్తున్నాం. కాటా దగ్గర తనే ఉంటానని ఆంటీ ఇప్పుడే చెప్పేసింది.